తొందరేమీ లేదు, డాక్టరు గారూ!

క్యాన్సర్ అన్న మాటను మన ఇళ్ళల్లో ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతాం. అందులోనూ రొమ్ము క్యాన్సర్ అయితే ఆ మొదటి మాట అసలు పలకనే పలకం. "ఆవిడకి ఛాతీలో ఏదో గడ్డట" అంటాం, లేకపోతే "లేడీస్ ప్రాబ్లమట" అని ఊరుకుంటాం. కబురు మాత్రం పాట్‌లక్ పూర్తయ్యేలోపల ఊరంతా చేరిపోతుంది. పనికొచ్చే సమాచారమే చేరదు.

గత రెండేళ్ళలో మన అసోసియేషన్ పరిచయాల ద్వారా నలుగురు నాకు ఫోను చేశారు. ముగ్గురు నాకన్నా చిన్నవాళ్ళు, ఒకావిడ మా అమ్మ వయసు. నలుగురూ కాసేపు పిల్లల చదువులూ, వాతావరణం మాట్లాడి, చివర్లో అడిగింది ఒకటే ప్రశ్న. "తీసేశాక మళ్ళీ పెట్టించుకోవడం తప్పనిసరా?"

తప్పనిసరి కాదు. ఒక్క మాటలో జవాబు అదే. కానీ ఆ ఒక్క మాటకి చేరడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఇంకొకరికి అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. పిల్లలు కూడా చదివే పత్రిక ఇది, తెలుసు. చదవనివ్వండి. వాళ్ళ ఇంట్లో వాళ్ళ శరీరం గురించే కదా!

2022 మొదట్లో, నా నలభై మూడో ఏట, ఏటా చేయించుకునే మామోగ్రామ్‌లో ఎడమవైపు ఏదో కనిపించింది. బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని తేలింది. రెండు వేరు వేరు చోట్ల గడ్డలున్నాయి కాబట్టి నా విషయంలో కొంత ముక్క తీసి సరిపెట్టడం కుదరదు, మొత్తం తీసేయాలి అన్నారు. దాన్నే మాస్టెక్టమీ అంటారు. క్యాన్సర్ సర్జను గారి గదిలోంచి బయటికి వచ్చిన అరగంటకి, అదే అంతస్తులో ప్లాస్టిక్ సర్జను గారి గదిలో కూర్చున్నాను. ఇంకా ఏడవడం కూడా మొదలుపెట్టలేదు. అప్పటికే చేతిలో ఒక రంగుల ఫోల్డరు, అందులో ఒక కాగితం, ఆ కాగితం మీద రెండు గడులు. ఒకటి ఇంప్లాంటు, రెండోది సొంత శరీరంలోని కండతో చేసేది. "ఏదీ వద్దు" అన్న మూడో గడి లేదు. ఉండాలని నాకూ తోచలేదు.

ఆ రెండు గడుల వెనక ఏముందో చెప్తాను.

ఇంప్లాంటు దారిలో చాలామందికి ముందు ఎక్స్‌పాండర్ పెడతారు. ఖాళీ బెలూను లాంటి సంచీ అన్నమాట. దాన్ని చర్మం కిందో, ఛాతీ కండరం కిందో అమర్చి, వారానికో రెండు వారాలకో సూదితో ఉప్పునీళ్ళు నింపుతూ చర్మాన్ని సాగదీస్తారు. కొన్ని నెలల తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి, సంచీ తీసి అసలు ఇంప్లాంటు పెడతారు. అదైనా జీవితాంతం ఉండిపోయే వస్తువు కాదని ఎఫ్‌డీఏ వాళ్ళే చెప్తారు. ఎంత ఎక్కువ కాలం ఉంటే, చిక్కులొచ్చి తీయాల్సిన అవకాశం అంత ఎక్కువ. 2019లో ఒక రకం గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ల వల్ల అరుదైన లింఫోమా వస్తోందని, ఎఫ్‌డీఏ కోరిన మీదట తయారీదారు వాటిని మార్కెట్లోంచి వెనక్కి తీసుకున్నారు.

రెండో దారి ఫ్లాప్ సర్జరీ. ఎక్కువగా చేసేది డీప్ ఫ్లాప్. పొత్తికడుపు దగ్గరి చర్మాన్నీ కొవ్వునీ రక్తనాళాలతో సహా తీసి, ఛాతీ మీద అమర్చి, దారంలాంటి ఆ నాళాలను మైక్రోస్కోపు కింద అక్కడి నాళాలకు కలిపి కుడతారు. గంటల తరబడి సాగే ఆపరేషన్. తర్వాత రక్తం సరిగా పారుతోందో లేదో నర్సులు గంట గంటకీ వచ్చి చూస్తారు. కడుపు మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా గాటు మిగులుతుంది. బాగా కుదిరితే మెత్తగా, సొంత శరీరంలా ఉంటుంది, ఇంప్లాంటులా మార్చాల్సిన పని ఉండదు. సరిసమానంగా రావడానికి చిన్న చిన్న దిద్దుబాట్లు మాత్రం తర్వాత ఉండొచ్చు.

మా ఐటీ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఒక్క రిలీజులో అయిపోతుందనుకున్న ప్రాజెక్టుకి లోపల నాలుగు ఫేజులున్నాయి. ప్రతి ఫేజుకీ మత్తుమందు, డ్రెయిన్లు, సెలవు చీటీ, వంట మనిషి కావాలి!

నేను మొదటి దారి తీసుకున్నాను. 2022 మార్చిలో రొమ్ము తీసిన రోజే ఎక్స్‌పాండర్ పెట్టారు. అమ్మ రాజమండ్రి నుంచి ఆరు నెలలకి వచ్చింది. చంకలోంచి వేలాడే డ్రెయిన్ గొట్టాల్లో ఎంత నీరు చేరిందో పూటపూటా కొలిచి, ఒకప్పుడు పాల లెక్క రాసినట్టు, గోడ క్యాలెండరు మీద మిల్లీలీటర్లు రాసేది. "ఇవాళ ముప్ఫై. నిన్నటికన్నా తగ్గింది" అని వంటింట్లోంచి ప్రకటన వచ్చేది.

వారం తర్వాత పెథాలజీ రిపోర్టులో చంక గ్రంథులకి కూడా పాకిందని వచ్చింది. దాంతో కీమోథెరపీ, ఆ తర్వాత రేడియేషన్ అన్నారు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. రేడియేషన్ క్యాన్సర్ కణాలతో పాటు చర్మాన్నీ దెబ్బ తీస్తుంది. చర్మం బిగుసుకుపోతుంది, గాయాలు మానడం ఆలస్యమవుతుంది, లోపల పెట్టిన వస్తువు చుట్టూ శరీరం కట్టుకునే పొర గట్టిపడి నొక్కేస్తుంది. అందరికీ ఇలా జరగదు. కానీ రేడియేషన్ పడ్డవాళ్ళలో ఇలాంటి చిక్కులు ఎక్కువ. 2023 జనవరిలో ఒక రాత్రి నాకు చలి జ్వరం వచ్చింది, ఎడమవైపంతా ఎర్రగా కాగిపోయింది. మూడు రోజులు నరంలోంచి యాంటీబయోటిక్స్ ఇచ్చినా తగ్గక, చివరికి ఎక్స్‌పాండర్ తీసేశారు.

"బాధపడకండి, ఆరేడు నెలలాగి ఫ్లాప్ చేద్దాం" అన్నారు సర్జను గారు. మంచి మనిషి. ఆయన మాటలో తప్పేమీ లేదు. అక్టోబరుకి తేదీ కూడా ఇచ్చారు.

అనుకోకుండా దొరికిన ఆ తొమ్మిది నెలలే నాకు ఆలోచించుకునే వ్యవధినిచ్చాయి.

ఆ వ్యవధిలో తెలుసుకున్న మొదటి విషయం చట్టం గురించి. 1998లో ఇక్కడ విమెన్స్ హెల్త్ అండ్ క్యాన్సర్ రైట్స్ యాక్ట్ వచ్చింది. మాస్టెక్టమీకి డబ్బిచ్చే ఇన్సూరెన్సు ప్లాను ఏదైనా సరే, తిరిగి రొమ్ము కట్టడానికి, రెండో వైపు దానితో సమానం చేయడానికి, బయట పెట్టుకునే కృత్రిమ రొమ్ముకి, చెయ్యి వాపు లాంటి చిక్కుల వైద్యానికి కూడా ఇవ్వాలి. డిడక్టిబులూ కోపేలూ మామూలే. అందులో ఇన్ని రోజుల్లోగా చేయించుకోవాలన్న గడువు లేదు. ఉద్యోగం మారి కొత్త ప్లాను వచ్చినా, ఆ ప్లాను మాస్టెక్టమీని కవర్ చేసేదైతే ఇదీ వర్తిస్తుంది. కొన్ని రకాల ప్లాన్లకి మినహాయింపులున్నాయి కాబట్టి మీ ప్లాను వాళ్ళని అడిగి, కాగితం మీద జవాబు తీసుకోండి. ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, ఫోను చేసిన నలుగురిలో ఇద్దరు "ఇప్పుడే చేయించుకోకపోతే ఇన్సూరెన్సు పోతుంది" అన్న భయంతోనే తేదీ తీసుకున్నారు.

రెండో విషయం స్పర్శ. కట్టిన రొమ్ము "సహజంగా ఉంటుంది" అని కరపత్రాల్లో రాస్తారు. ఎవరికి సహజం? ముట్టుకున్న వాళ్ళ చేతికి. మనకి సాధారణంగా అక్కడ స్పర్శ ఉండదు, ఉన్నా చాలా తక్కువ, ఎందుకంటే నరాలు మాస్టెక్టమీలోనే తెగిపోతాయి. ఈమధ్య కొందరు సర్జన్లు నరాలు కూడా కలుపుతున్నారు గానీ, పూర్వపు స్పర్శ తిరిగొస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. మా చిన్నవాడు స్కూలు నుంచి వచ్చి ఎడమవైపు తల ఆనించినప్పుడు, ఎక్స్‌పాండర్ ఉన్నన్నాళ్ళూ వాడి బరువు నాకు భుజం మీద మాత్రమే తెలిసేది. అది తీసేశాక, చర్మం మొద్దుబారే ఉన్నా, ఎముకల మీద వాడి తల బరువూ వెచ్చదనమూ ఎంతో కొంత తెలుస్తున్నాయి. వేరేవాళ్ళకిది చిన్న విషయం కావచ్చు. నాకు కాదు.

మూడో విషయం, ఈ ఆపరేషన్ క్యాన్సర్‌ని తిరిగి రాకుండా ఆపదు. అలాగని రప్పించేదీ కాదు. అంటే వైద్యపరంగా ఇది అత్యవసరం కాదు. ఆగవచ్చు, మానేయవచ్చు, అయిదేళ్ళ తర్వాత చేయించుకోవచ్చు.

ఇంతా తెలిశాక నిర్ణయం తేలికైపోయిందనుకునేరు. సమాచారం ఒక పక్క, మనుషులు ఒక పక్క.

అమ్మ ఫోనులో మొదట అడిగింది "జాకెట్టు ఎలా కుట్టించుకుంటావే?" అని. విసుక్కున్నాను గానీ, ఆ ప్రశ్న వెనక ఉన్నది జాకెట్టు కాదని నాకూ తెలుసు. అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా కూతురికి ఆ రోజులు గుర్తొస్తాయని ఆవిడ బెంగ. ఒక పిన్ని గారు "ఎడమవైపే కదమ్మా, పైట కప్పేస్తుందిలే" అని ఓదార్చారు. మరి కుడివైపు అయిన వాళ్ళ సంగతేమిటో! మా అత్తయ్య గారు ఇంకోలా అన్నారు. "ఇద్దరు పిల్లలకీ పాలిచ్చావు, దాని పని అయిపోయింది. ఇంక ఈ కోతలెందుకమ్మా?" నా పక్షాన మాట్లాడినా, ఆ మాట కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. పిల్లలకి పాలిచ్చినా, నా శరీరం నాదే. పోయినందుకు నాకు దిగులుంది. దిగులు ఉండటం వేరు, దాన్ని ఆపరేషన్‌తో పూడ్చుకోవాలనుకోవడం వేరు. రెండూ ఒకటేనని అందరూ అనుకుంటారు.

మా వారిని సూటిగా అడిగాను. ఆయన వెంటనే చెప్పలేదు. "నీకు కావాలంటే చేయిద్దాం, నా కోసమని మాత్రం ఒక్క కుట్టు కూడా వద్దు" అన్నారు. పెద్దమనిషి తరహా జవాబు. రెండు రోజుల తర్వాత, గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అసలు మాట చెప్పారు. "ఆ వెయిటింగ్ రూములో ఎనిమిది గంటలు ఒక్కణ్ణే కూర్చోవాలంటే భయమేస్తోంది. నువ్వు వద్దంటే బావుండని అనుకుంటున్నాను. అలా అనుకోవడం స్వార్థమేమోనని చెప్పలేదు." మా పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన ఇంత తిన్నగా మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. దాని ప్రశ్న వేరు. "అమ్మా, ఇది నాకూ వస్తుందా?" దానికి జవాబు చెప్పడం కోసం జన్యు పరీక్ష కాగితం తీసి చూపించాను. బీఆర్‌సీఏ 1, బీఆర్‌సీఏ 2 జన్యువుల్లో లోపం లేదని వచ్చింది. "అంటే ఎప్పటికీ రాదని కాదు. పెద్దయ్యాక మీ డాక్టరుకి 'మా అమ్మకి వచ్చింది' అని చెప్పాలి, వాళ్ళు చెప్పిన వయసు నుంచి పరీక్షలు చేయించుకోవాలి" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "మరి నువ్వు ఫ్లాట్‌గా ఉంటే ప్రాబ్లమ్ ఏంటి?" అంది. దగ్గరి చుట్టాలందరూ అడిగిన ప్రశ్నల్లో ఇదొక్కటే నేను జవాబు చెప్పలేకపోయింది.

అక్టోబరు తేదీని ఫిబ్రవరికి వాయిదా వేయించుకున్నాను. ఫిబ్రవరి 2024 దగ్గరపడ్డాక, నా వాయిదాలకి కారణం ఆఫీసు పనీ కాదు, పిల్లల పరీక్షలూ కాదు, నాకు ఆ ఆపరేషన్ వద్దు అంతే, అని తెలిసింది. ఫోను చేసి చెప్పాను. అవతల అమ్మాయి "కొత్త తేదీ ఇమ్మంటారా?" అంది. "వద్దమ్మా, తేదీ ఏమీ వద్దు" అన్నాను. ఆ తర్వాత చెకప్పులో సర్జను గారు, "మనసు మారితే ఎప్పుడైనా రండి" అన్నారు. "తొందరేమీ లేదు, డాక్టరు గారూ" అన్నాను. ఆయన నవ్వి, నా ఫైల్లో రాసుకున్నారు.

ఇదేమీ కొత్త తిరుగుబాటు కాదు. ఆడ్రీ లార్డ్ అనే అమెరికన్ కవయిత్రికి 1978లో మాస్టెక్టమీ అయింది. కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే, మీరిలా వస్తే ఇక్కడి వాళ్ళ మనోధైర్యం దెబ్బతింటుందన్నట్టు నర్సు మందలించిందట. ఆవిడ ఆ అనుభవాన్ని 1980లో పుస్తకంగా రాసింది. నలభై ఏళ్ళ తర్వాత, 2020లో, ఇక్కడి నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తన వైద్య నిఘంటువులో "ఈస్తెటిక్ ఫ్లాట్ క్లోజర్" అన్న మాటను చేర్చింది. అదనపు చర్మం వేలాడకుండా, ఛాతీ చదునుగా, నున్నగా ఉండేలా కుట్టడమని దాని అర్థం. పేరు ఉంటే అడగడం తేలిక. ఆ మూడో గడికి ఇప్పుడు పేరుంది.

ఇక జాకెట్టు సంగతి. కిందటేడు ఇండియా వెళ్ళినప్పుడు అమ్మతో పాటు రాజమండ్రిలో మాకు ఎప్పటినుంచో కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఎడమ కప్పు లోపల మెత్తటి నూలుగుడ్డతో చిన్న జేబు పెట్టాలని ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే, ఆవిడ టేపు మెడలో వేసుకుంటూ, "తెలుసమ్మా, పైన తెరిచి ఉంచుతాను, తీసి ఉతుక్కోవచ్చు. నెలకి ఒకటో రెండో ఇలాంటివి కుడుతూనే ఉంటాను" అంది. అమ్మ నా వైపు చూసింది. ఆ చిన్న వీధిలో, ఆ ఒక్క మిషను దగ్గరికి, నెలకి ఒకరో ఇద్దరో! వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. బయటికొచ్చాక అమ్మ ఒక్కటే అంది. "మన ఊళ్ళో ఇంతమంది ఉన్నారుటే..." ఆ తర్వాత ఇంక ఆపరేషన్ మాట ఎత్తలేదు.

ఆ జేబులో పెట్టుకునేందుకు సిలికాన్ ఫార్ములు దొరుకుతాయి. అవి కాస్త బరువు, ఎండాకాలం చెమట. దూది నింపిన తేలికవీ, నూలుతో అల్లినవీ ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన నిట్టెడ్ నాకర్స్ అనే సంస్థలో వాలంటీర్లు అల్లి ఉచితంగా పంపుతారు. నేను చీర కట్టుకున్నప్పుడు ఒకటి పెట్టుకుంటాను. ఇంట్లో, కోడింగ్ చేసేటప్పుడు, వాకింగులో పెట్టుకోను. వీడియో మీటింగుల్లో ఇంతవరకు ఒక్క క్లయింటూ గమనించలేదు. వాళ్ళు డెడ్‌లైను తప్ప ఇంకేదీ గమనించరు.

ఒక్క విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి. నేను మానేశాను కాబట్టి మీరూ మానేయండని కాదు. మా స్నేహితురాలొకరు డీప్ ఫ్లాప్ చేయించుకుంది. ఆరు వారాలు కష్టపడింది, ఇప్పుడు స్నానం చేసేటప్పుడు తల తిప్పుకోనక్కర లేదంటుంది, తన పాత జాకెట్లు తనకి సరిపోతున్నాయని సంతోషిస్తుంది. ఆవిడ నిర్ణయం ఆవిడకి సరైనది. మేమిద్దరం కలిసి జిమ్ముకి వెళ్తాం. ఇద్దరిలో ఎవరూ రెండోవారిని చూసి జాలిపడం.

మీకో, మీ ఇంట్లో వాళ్ళకో ఈ పరిస్థితి వస్తే డాక్టరు గారిని ఇవి అడగండి. నాకు రేడియేషన్ పడే అవకాశం ఎంత, పడితే మీ సలహా ఎలా మారుతుంది? మొత్తం ఎన్ని ఆపరేషన్లు, ఒక్కోదానికి ఎన్ని వారాలు? స్పర్శ ఉంటుందా? ఏమీ వద్దంటే చదునుగా ఎలా కుడతారు, మీరు చేసినవాటి ఫోటోలు చూపిస్తారా? "మనసు మారుతుందేమో" అని నన్నడగకుండా అదనపు చర్మం వదిలేస్తారా? ఇప్పుడు వద్దని, తర్వాత కావాలంటే ఏ దారులు మిగులుతాయి? చంక గ్రంథులు తీస్తే చెయ్యి వాచే అవకాశం ఉంది కాబట్టి దాని గురించి కూడా అడగండి. మనకి గాజులూ ఉంగరాలూ ఉన్నాయి కదా, అవి బిగుతైతే అదే మొదటి గుర్తు కావచ్చు. ఇంగ్లీషులో అడగడం ఇబ్బందైతే ఆసుపత్రి వాళ్ళని తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. కొడుకునో కూతురినో మధ్యలో కూర్చోబెట్టి ఈ మాటలు అనువాదం చేయించకండి, వాళ్ళకీ కష్టమే, మీకూ కష్టమే.

అన్నిటికన్నా ముందు, నలభై దాటిన వాళ్ళు మామోగ్రామ్ చేయించుకోండి. 2024లో ఇక్కడి నిపుణుల బృందం యూఎస్‌పీఎస్‌టీఎఫ్ నలభై నుంచి డెబ్భై నాలుగేళ్ళ దాకా రెండేళ్ళకోసారి చేయించుకోవాలని సిఫారసు చేసింది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలూ అత్తయ్యలూ ఇండియా వెళ్ళగానే మీ డాక్టరుని అడిగి చేయించుకోవచ్చు.

ఫోను చేసిన నలుగురిలో ఒకావిడ ఇంప్లాంటు పెట్టించుకుంది. ఒకావిడ చదునుగా కుట్టించుకుంది. ఒకావిడ ఫ్లాప్‌కి వచ్చే నెల వెళ్తోంది, ఆ వారం వాళ్ళింటికి పప్పూ కూరా మా ఇంటినుంచి. నాలుగో ఆవిడ, మా అమ్మ వయసావిడ, ఇంకా ఆలోచించుకుంటోంది. మొన్న ఫోను చేసి, "ఇంకా ఏమీ అనుకోలేదమ్మా, ఫరవాలేదా?" అని అడిగింది. ఫరవాలేదండీ. మీరు చెప్పేదాకా ఆగడం వాళ్ళ పని.